మధుమేహము – ఒక డాలరు

మధుమేహమనే మాటలో తేనె ఉన్నది గాని రోగంలో లేదు. ‘మిహ్’ ధాతువుకు తడుపుట, మూత్రించుట అర్థాలని తరగతిలో చెప్పిన రోజుల్లో అది నన్నంటుతుందని అనుకోలేదు. ఇప్పుడు అరికాళ్ళ తిమ్మిరి కూడా మొదలైనది.

మొన్న వైద్యులు వారానికొక సూది చాలునన్నారు; చక్కెరా, బరువూ రెండూ తగ్గునట. పేరు మౌంజారో. 2025 మార్చిలో మన దేశానికి వచ్చినప్పుడు 5 మిల్లీగ్రాముల సీసా వెల 4,375 రూపాయలు. నెలకు నాలుగు. పింఛను పుస్తకం తీసి చూసి మూసివేశాను.

మందు మంచిదే, కాదనను. ఆకలినే అణచివేస్తుంది. అయితే మానితే? ఈ కోవదే అయిన సెమాగ్లుటైడ్ మానినవారికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఏడాదిలో తిరిగి వచ్చినట్లు పరిశోధనలో తేలింది. అంటే బ్రతికినన్నాళ్ళూ కొనాలి. వర్తకునికి ఇంతకన్న నమ్మకమైన ఖాతాదారు దొరకునా!

ఇన్సులిన్ పేటెంటును 1923లో బాంటింగు, బెస్టు, కోలిప్ టొరాంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక డాలరుకు ఇచ్చివేశారు. ఆ సంగతి వైద్యులకు చెప్పాను. విని నవ్వి, “అది సరే మాస్టారూ, సూది వ్రాయమంటారా, వద్దా?” అన్నారు.

ఆదివారం లోపు చెబుతానన్నాను.