మా తాత కత్తెర – జాజు గుర్తు

అప్పటి మెదక్ జిల్లాలో, సిద్దిపేట పక్కన ఒక చిన్న పల్లె మాది. గొర్రెలు కాసే కురుమ కుటుంబం. 1994లో మేము ముగ్గురం, ఒక్క తాత మనుమలం, ఈ హాస్టల్లో ఆరో తరగతిలో చేరాము. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు మా ముగ్గురికీ మొదట గుర్తొచ్చింది తాత కత్తెరే.

మావి దక్కని నల్ల గొర్రెలు. ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరించేవారు. ఊరి బయట వేపచెట్టు నీడే మాకు షెడ్డు. ముందురోజు గొర్రెలను చెరువులో కడిగేవాళ్ళం. పొద్దున్నే తాత, కమ్మరి చేసిచ్చిన ఇనుప కత్తెరను రాయి మీద నూరేవాడు. మేము గొర్రెను పడుకోబెట్టి కాళ్ళు కలిపి కట్టేవాళ్ళం. ఎక్కడైనా తోలు తెగితే నూనెలో కలిపిన పసుపు పెట్టడం మా పని. ఒక్కో గొర్రెకు ఏడాదికి కిలో ఉన్ని కూడా వచ్చేది కాదు. పిల్లల మొదటి ఉన్ని మెత్తన, దాన్ని వేరే కుప్ప పోసేవాళ్ళం.

కత్తిరించాక గొర్రెలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. పాత గుర్తు ఉన్నితోనే పోతుంది. అందుకని జాజు నీళ్ళలో కలిపి, ఎడమ తొడ మీద అడ్డంగా ఒక గీత పెట్టేవాళ్ళం. అది మా మంద గుర్తు. "ఉన్నిమీది గుర్తు ఉన్నితోని పోతది, చెవి కోత సచ్చేదాక ఉంటది" అనేవాడు తాత. ఆస్ట్రేలియాలో పెద్ద షెడ్లలో మిషన్లతో ఉన్ని తీసి, బేళ్ళ మీద అచ్చురేకుతో ఆ ఫారం పేరు, ఉన్ని రకం వేస్తారని తర్వాత చదివాము. మా తాతకు జాజు ముద్దే అచ్చురేకు.

సెలవులయ్యాక హాస్టల్‌కు వచ్చేముందు అరచేతుల ఎరుపు పోయేదాకా ఇటుక ముక్కతో రుద్దుకునేవాళ్ళం. గొర్రెల వాసన వస్తుందని తోటివాళ్ళు నవ్వుతారని భయం.

ఏడో తరగతి చలికాలంలో తాత హాస్టల్‌కు వచ్చాడు. ఉన్ని వింటితో ఏకి, అవ్వ రాట్నం మీద వడికి, గుంట మగ్గం మీద నేయించి, చింతగింజల గంజి పెట్టిన కొత్త గొంగడి భుజాన ఉంది. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. "ఎవర్రా?" అని అడిగితే "మా ఊరాయన" అన్నాము. తాత విన్నాడు. ఏమీ అనలేదు. గొంగడి మా పెట్టె మీద పెట్టి, "చలి పెడుతుంది, కప్పుకోన్రి బిడ్డా" అని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి ఆ గొంగడి కింద ఆరుగురం పడుకున్నాము. నవ్వినవాళ్ళు కూడా ఉన్నారు. దాని మూలన ఎర్ర దారంతో అడ్డంగా ఒక గీత కుట్టి ఉంది. పళ్ళెం పోకుండా మేకుతో పేరు చెక్కుకునేవాళ్ళం మేము. మా పేరు అడిగితే మాత్రం దాచుకున్నాము.

2017లో తెలంగాణలో గొర్రెల పంపిణీ పథకం వచ్చింది. 75 శాతం సబ్సిడీపై 20 గొర్రెలు, ఒక పొట్టేలు. మా ఊరికి వచ్చినవి ఉన్ని లేని నెల్లూరు జాతివి. వాటికి కత్తెర అక్కర్లేదు. మిగిలిన నల్ల గొర్రెల ఉన్ని కొనేవాళ్ళు లేక గట్ల మీద పారేస్తున్నారు. మాకు ఉద్యోగాలు వచ్చాయి. ఆ కత్తెర పట్టడం మా ముగ్గురిలో ఎవరికీ రాదు. తాత లేడు. ఆ రోజు అన్న మాటకు ఆయన్ను క్షమించమని అడగనే లేదు.

ఈ వార్షికోత్సవానికి ఆ కత్తెర, గొంగడి తెస్తున్నాము. తమ్ముళ్లూ, ముట్టుకుని చూడండి. మీ ఇంటివాళ్ళు ఆదివారం మిమ్మల్ని చూడటానికి వచ్చినప్పుడు, ఎవరని ఎవరైనా అడిగితే, గట్టిగా చెప్పండి.