మన కూలి ఏ గడిలో రాయాలి?

మా వీధి చివరి ప్రభుత్వ పాఠశాలలో శనివారం ఆఖరి పీరియడ్ నాకిచ్చారు. ఎనిమిదో తరగతి పిల్లలకి పట్టుదారం గాజులు చేయడం నేర్పుతున్నాను. "తెలుగు చదివినదానివి, పద్యాలు నేర్పక గాజులేమిటమ్మా" అని మా అత్తగారు నవ్వుతారు.

సామాను పెద్ద ఖరీదేం కాదు. మూలపడేసిన ప్లాస్టిక్ గాజులు, పట్టుదారం, జిగురు, కుందన్ రాళ్ళు. పది పదిహేను పోగులు కలిపి, సందు కనబడకుండా బిగించి చుట్టాలి. వదులైతే జారిపోతుంది. జిగురు ఎక్కువైతే దారం మెరుపు పోతుంది.

సైజుల దగ్గరికొస్తే లెక్కల క్లాసే. కొట్లో మనం "రెండూ ఆరు" అని అడిగేస్తాం కదా! అంటే గాజు లోపలి అడ్డుకొలత రెండంగుళాలు, ఇంకో అంగుళాన్ని 16 భాగాలు చేస్తే అందులో 6. టేపు పెట్టి కొలిపించాను. "అయితే రెండూ నాలుగంటే రెండుంబావు అంగుళాలా టీచర్!" అంది భిన్నాలంటే భయపడే పిల్ల.

అసలు చిక్కు వెల కట్టేటప్పుడు వచ్చింది. బడి పండగలో అమ్ముదామనుకుని ఖర్చు రాయమన్నాను. జతకి 32 రూపాయలు తేలింది. 35కి అమ్ముతామన్నారు ఆడపిల్లలు.

"మరి మీ కూలి?"

"కూర్చుని చేసిందే కదా టీచర్, దానికి డబ్బులేమిటి?"

ఈ మాట మనందరం ఎక్కడో విన్నదే. ఇంట్లోనే కదా ఉంటావు, ఖాళీయే కదా అని.

నేను చెప్పేలోపే వెనక బెంచీ అబ్బాయి లేచాడు. వాళ్ళ నాన్న తాపీమేస్త్రీ. "సిమెంటు డబ్బులు వేరు టీచర్, కూలి వేరు. మా నాన్న రెండూ తీసుకుంటాడు" అన్నాడు. ముందు బెంచీలో ఒకమ్మాయి మెల్లిగా, "మా అమ్మ చీరలకి ఫాల్ కుట్టి దారం డబ్బులే అడుగుతుంది. పక్కింటివాళ్ళు కదా అంటుంది" అంది. క్లాసంతా నిశ్శబ్దం.

కాగితం మీద ఇంకో గడి గీయించాను: పట్టిన సమయం. జతకి గంటన్నర. అందరూ కలిసి వెల 70 అని తేల్చారు.

పండగ రోజు ఒకావిడ, "పిల్లలు చేసినవేగా, 40కివ్వండి" అని బేరమాడింది. ఆ ఫాల్ కుట్టేవాళ్ళమ్మాయే, "గంటన్నర పట్టిందాంటీ" అంది నెమ్మదిగా. తగ్గించలేదు. ఆవిడ కొనకుండా వెళ్ళిపోయింది. పిల్ల మొహం చిన్నబోయింది కానీ వెల చీటీ మాత్రం మార్చలేదు.

మీ పిల్లలకి కుట్లో, అల్లికలో, గాజులో నేర్పేటప్పుడు ఆ గడి కూడా గీయించండి. మనకెవరూ గీసివ్వలేదు. వాళ్ళకి మనమైనా గీసిద్దాం.