మంచులో దీపము



ఇంగ్లండు దక్షిణ తీరములో ఐల్ ఆఫ్ వైట్ అనే ద్వీపమున్నది. దాని పడమటి కొనన తెల్లని సుద్దకొండ సముద్రములోనికి దిగి, విరిగి, మూడు స్తంభములుగా నిలిచియున్నది. వాటిని నీడిల్స్, అనగా సూదులు అంటారు. సుద్ద మెత్తని రాయి. అలలు దాని పగుళ్లను తొలిచి గుహ చేస్తాయి. గుహ ఆవలివైపుకు తెరుచుకొని తోరణమవుతుంది. తోరణము కూలితే, మిగిలిన రాయి నీటిలో ఒంటరిగా నిలుస్తుంది. వాటి వరుసలో ఒకప్పుడు సన్నని నాలుగవ స్తంభముండేది. దానిని ‘లోతు భార్య’ అని పిలిచేవారు. 1764లో తుఫానుకు అది కూలిపోయినది.

అక్కడ ఓడలకు ప్రమాదము గనుక 1786లో కొండమీద దీపస్తంభము వెలిగించారు. సముద్రమునకు 460 అడుగుల పైన ఉన్న ఆ దీపమును పొగమంచు తరచుగా కప్పివేసేది. క్రింద నావికులకు చీకటే. చివరకు 1859లో దీపమును క్రిందికి తెచ్చారు. సముద్రములోనికి అన్నిటికంటె ముందుకు ఉన్న కడపటి రాతి పాదమున గ్రానైటు స్తంభము కట్టారు. నేటికిని దీపము అక్కడే వెలుగుచున్నది.

ఈ సంగతి చదివినప్పుడు మా సంఘములోని ఒక తల్లి నాకు జ్ఞాపకము వచ్చినది. ఎదిగిన కుమారుని పాముకాటుకు పోగొట్టుకొన్నది. కొన్ని సంవత్సరముల తరువాత మరియొక ఇంటిలో అటువంటి దుఃఖమే వచ్చినది. పెద్దలతో కలిసి వెళ్లి వాక్యము చదివి ప్రార్థించితిని. ఆ ఇల్లాలు తల ఎత్తలేదు, అన్నము ముట్టలేదు. మూడవ దినమున ఈ తల్లి గంజి పట్టుకొని వెళ్లి, ఆమె ప్రక్కన నేలమీద కూర్చున్నది. “నాకూ ఇట్టాగే అయ్యిందమ్మా. రెండు గుక్కలు తాగు” అన్నది. ఆమె త్రాగినది.

ఈ తల్లికి చదువు రాదు, ప్రసంగించుట ఎరుగదు. అయినను దెబ్బతిన్న ఆ రాతిమీదనే దేవుడు దీపము నిలిపెను. ఆదరణ పొందినవారే ఇతరులను ఆదరింపగలరని పౌలు కొరింథీ సంఘమునకు వ్రాసినది ఇదే కదా! మన ప్రభువు సైతము పరలోకము నుండియే కేకవేసి ఊరకుండలేదు. దిగి వచ్చి, మన కన్నీళ్ల మధ్య నివసించెను.

ప్రియులారా, మీ వీధిలో మంచు కమ్మిన ఇల్లు ఉన్నదా? వారు గుడికి వచ్చువరకు ఆగవద్దు. ఈ సాయంకాలమే వెళ్లండి. మాటలు రాకపోయినను ప్రక్కన కూర్చుండండి. ఆమేన్.