చిత్తుప్రతియు, సాపుప్రతియు

కవియైనవానికి చిత్తుప్రతి యుండరాదను నమ్మకము మనలో చాలకాలమునుండి పాతుకొనియున్నది. పద్యము నోట వెడలినప్పుడే నిర్దుష్టముగ నుండవలెను. కొట్టివేతలు కనబడినచో కవి గౌరవమునకు లోపము. పోతనామాత్యుడు గజేంద్రమోక్షమున నొక పద్యము నడుమ నాగిపోగా, శ్రీరామచంద్రుడే యాతని రూపమున వచ్చి దానిని పూర్తిచేసెనను కథ నెఱుగని తెలుగువాడు లేడు. కథ మనోహరమే. కాని కవి యాగెనని యొప్పుకొనవలసివచ్చినప్పుడుగూడ, ఆ యాగిన చోటును మనము శ్రమతోగాక మహిమతో పూరించితిమి. ఆ దినమున కవి యెన్ని పాదములు తలచి విడిచెనో చెప్పు తాటాకు మనకు మిగులలేదు.

ఈ విషయమును గూర్చి మమ్ము గట్టిగ నాలోచింపజేసినవారు మన కవులు కారు. ఇంగ్లండులోని లివర్పూలు పట్టణమునుండి వచ్చిన నలుగురు పాటగాండ్రు. సంస్కృతమును ఇంగ్లీషును చదివి బడిపంతులైనవారికి గిటారు పాటలతో నేమి పనియని చదువరులు నవ్వుదురేమో! నవ్వుదురుగాక. విద్య యెచ్చట దొరకిన నచ్చట గ్రహింపవలెనని మన పెద్దలే చెప్పియున్నారు.

జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జి హారిసన్, రింగో స్టార్ అను నీ నలుగురి బృందమునకు బీటిల్సని పేరు. 1970లో వీరు విడిపోయిరి. 1980 డిసెంబరు 8వ తేదీన లెనన్ న్యూయార్కులో హత్యకు గురియయ్యెను. మిగిలిన మువ్వురును 1995, 1996 సంవత్సరములలో తమ పాత టేపులను వెలికితీయించి, 'ఆంథాలజీ' అను పేర మూడు సంపుటములు ప్రకటించిరి. వారి పాటల రికార్డింగునకు మొదటినుండి పెద్దదిక్కుగ నుండిన జార్జి మార్టిన్ ఆ టేపులను విని, యేవి లోకమునకు చూపదగినవో యేర్చెను.

ఆ సంపుటములలో నేమున్నది? 1958లో, బీటిల్సను పేరైన పుట్టకముందు, లివర్పూలులో నొక యింటి స్టూడియోలో ఆ కుఱ్ఱవాండ్రు తమ డబ్బుతో చేయించుకొన్న రికార్డులోని పాటలున్నవి. అప్పుడు చేయించినది ఒక్కటే రికార్డు. అది చేతులు మాఱి, 1981లో మెకార్ట్నీ దానిని తిరిగి కొనెను. 1962 జనవరి 1వ తేదీన లండనులో డెక్కా కంపెనీవారి యెదుట పరీక్షకు నిలిచి పాడిన పదునైదు పాటలలో అయిదున్నవి. ఆ కంపెనీవారు వీరు వలదనిరి! 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' అను పాట యింటివద్ద గిటారుతో తడవుకొనుచు పాడిన నాటినుండి యెట్లెట్లు మాఱినదో చెప్పు మెట్లున్నవి. 1966 చివర ఈ పాటను రెండు విధముల రికార్డు చేసిరి. లెనన్‌కు ఒకదాని మొదలును, రెండవదాని చివరయు నచ్చినవి. రెండింటికిని శ్రుతి వేఱు, వేగము వేఱు. టేపుల వేగమును మార్చి మార్టినును ఆయన తోడివారును వానిని అతికిరి. నేడు లోకము వినునది ఆ యతుకుపాటయే.

వీనిలో మాకు మిక్కిలి ప్రియమైనది 1965 జూన్ 14వ తేదీన పాడిన 'యెస్టర్డే' మొదటి ప్రయత్నము. మెకార్ట్నీ ముందుగా హారిసన్‌కు స్వరముల పట్లు చెప్పుచుండును. పిమ్మట పాడుచు రెండు పాదములను తారుమారు చేయును. లోకము కొనియాడినది ఆ వెంటనే పాడిన రెండవ ప్రయత్నము.

మా తొమ్మిదవ తరగతిలో బాలిక యొకతె యుండెను. చక్కని బుద్ధి గలది. అయినను వ్యాసరచన దినమున వట్టి చేతులతో వచ్చెడిది. కారణమడుగగా, "రాశాను మాస్టారూ, బాగాలేదని చింపేశాను" అని తల వంచుకొన్నది. ఇట్టివారు ప్రతి తరగతియందును నుందురు. వీరు మందబుద్ధులు కారు. సాపుప్రతులను మాత్రమే చూచి పెరిగినవారు. పాఠ్యపుస్తకమున ప్రతి వాక్యమును సాపుగనే యుండును; తమ కాగితముపై మాత్రము చిత్తు కనబడును. రెండింటిని పోల్చుకొని, తమకు విద్య రాదని తీర్పు చెప్పుకొందురు. ఎన్ని మేధలిట్లు మొదటి పంక్తివద్దనే యడుగంటుచున్నవో యెవరు లెక్కించిరి?

ఆ వారము మేమా తరగతికి 'యెస్టర్డే' రెండు ప్రయత్నములను ఒకదాని వెంట నొకటి వినిపించితిమి. పాదములు తారుమారైన చోట పిల్లలు నవ్విరి. ఆ బాలిక నవ్వలేదు. మరల వినిపింపుమని యడిగెను. ఆమె మఱునాడే రచయిత్రి కాలేదు. కాని పక్షము దినములకు, నాలుగు పంక్తులు కొట్టివేసి యైదవదానిని నిలిపిన కాగితము నొకదానిని తెచ్చియిచ్చినది. నాటినుండి మా తరగతిలో చిత్తుప్రతిని జతపఱుపని వ్యాసమును మేము దిద్దుట లేదు.

ఇక రెండవ పక్షమును వినవలెను. కర్త వలదని విడిచినదానిని బజారులో పెట్టుట న్యాయమా? ఇది కళాసేవయా, పాత గోనెసంచులను దులిపి చేయు వర్తకమా? తమ చిత్తుప్రతిని తామే చూపువారి విషయమున మాకు సందేహము లేదు. అది వారి సొత్తు. చనిపోయినవాని చిత్తుప్రతి మాటయో?

లెనన్ తన యింటిలో పియానోవద్ద పాడి క్యాసెట్టుపై నుంచుకొన్న కొన్ని పాటలను ఆయన భార్య యోకో ఓనో 1994లో మెకార్ట్నీ కిచ్చెను. రెండింటిని మువ్వురును పూర్తిచేసి ప్రకటించిరి. మూడవదియైన 'నౌ అండ్ దెన్' పై 1995లో పనిచేసి విడిచిరి. పియానో మ్రోత కంఠమును కప్పివేయుచుండెను. విద్యుత్తు రొద యొకటి వెంటబడుచుండెను. హారిసన్‌కు అది నచ్చలేదని మెకార్ట్నీయే తరువాత చెప్పెను. 2001లో హారిసన్ మరణించెను. పీటర్ జాక్సన్ 2021 నాటి 'గెట్ బ్యాక్' చిత్రమునకై, కలిసిపోయిన ధ్వనులను యంత్రబుద్ధిచే వేఱుచేయు నుపాయమును సిద్ధపఱచియుండెను. దానితో లెనన్ కంఠమును పియానోనుండి విడదీసి, 1995లో హారిసన్ వాయించిన గిటారును చేర్చి, పాటను 2023 నవంబరు 2వ తేదీన ప్రకటించిరి. కృత్రిమకంఠమేమోయని జనులు శంకింపగా, కల్పించినదేదియు లేదని మెకార్ట్నీ విప్పిచెప్పెను. హారిసన్ జీవించియున్నచో తానును సంతోషముతో చేరియుండెడివాడని ఆయన భార్య చెప్పినది. అయినను, చేరియుండెడివాడనుట వేఱు, చేరుట వేఱు. ఈ చిక్కు ముడిని ఏ యంత్రమును విప్పజాలదు.

మా యభిప్రాయమిది. 2023 నాటి పూర్తిచేసిన పాటకంటె 1965 నాటి తప్పుపాటయే లోకమున కెక్కువ యుపకారి. మొదటిది స్నేహమును చూపును. రెండవది పనియెట్లు జరుగునో చూపును. అయినను ఆ స్నేహితుల నొక విషయమున మెచ్చుకొనవలెను. ఏ కంఠ మెప్పటిది, ఏ వాద్య మెవరిది అని వారు దాచలేదు. మన కథలో పూరించినవాడు కవిరూపమునే ధరించి వచ్చెను. వీరు తమ తమ రూపములతోనే వచ్చి, ఇది మేము చేర్చితిమని చెప్పిరి. నడుమ నాగిన పనిని పూర్తిచేయువారికి ఇంతకన్న వేఱు ధర్మము లేదు.

తల్లిదండ్రులారా! సంవత్సరాంతమున బిడ్డల చిత్తుపుస్తకములను పాతకాగితముల వానికి తూచి యిచ్చుచున్నారు. ఒక్కటి యుంచుడు. పదియేండ్లకు ఆ బిడ్డ దానిని తెఱచి, తానెచ్చట తడబడెనో, ఎట్లు లేచెనో చూచుకొనును. అంతటి గురువును మే మెవ్వరమును కాజాలము.