శ్రావణం ఎండితే దీపావళికి బడి ఖాళీ

మా తండాలో క్యాలెండరు గోడకు ఉంటుంది గాని, లెక్కంతా కార్తెలతోనే. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండల్లోనే దుక్కులు దున్నుకుంటాం. జూన్ 8 దగ్గర మృగశిర వస్తుంది. ఆ రోజు నిజామాబాద్‌లో చేపల కోసం తోపులాట. మేమేమో మొగులు చూస్తూ కూర్చుంటాం. జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకే నైరుతి రుతుపవనం మా దాకా రావడానికి పది రోజులు పడుతుందని మేం బడిలో చదివాం. మా యాడికి ఆ చదువు లేదు. చీమలు గుడ్లు మోసుకుపోతుంటే చూసి మక్క విత్తనాల మూట దించేది. చాలాసార్లు ఆమె లెక్కే కుదిరింది, కొన్నిసార్లు తప్పింది కూడా.

ఆషాఢంలో సీత్లా పండుగ. ఉడికించిన గుగ్గిళ్ళు పోసి వాటి మీదుగా పశువులను దాటిస్తాం. తొలివానలకు పశువులకు రోగాలు తగిలే కాలం కదా. శ్రావణంలో తీజ్. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్ళు పోస్తారు. బుట్టలో మొలక పచ్చగా లేస్తే చేను కూడా అట్లే లేస్తుందని మా నమ్మకం.

2023లో ఆ నమ్మకానికి పెద్ద పరీక్ష వచ్చింది. జూలై 24 రాత్రి, తెల్లవారితే 25, మన జిల్లా వేల్పూరులో 46 సెంటీమీటర్ల వాన పడింది. జిల్లాలో ఏడాదంతా కురిసేది వంద సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ. అందులో దాదాపు సగం ఒక్క రాత్రిలోనే! మా వైపు అంత పడలేదు గాని, ముసురు పట్టి మక్క చేలల్లో నీళ్ళు నిలిచాయి, మొక్కలు పసుపెక్కాయి. ఆ తర్వాత ఆగస్టు వచ్చింది. 1901 నుంచి లెక్కలు చూస్తే దేశంలో అంత పొడి ఆగస్టు ఇంకోటి లేదు. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో ఏడాది అది. నానిన వేళ్ళే మళ్ళీ ఎండకు మాడాయి. లెక్కల పుస్తకంలో సగటు వాన బాగానే కనబడవచ్చు. చేను సగటు మీద బతకదు.

ఆ ఏడు తీజ్ బుట్టలు పచ్చగానే లేచాయి. బోరింగు నీళ్ళు పోశారు మరి.

చెరకు సంగతి వేరు. మంజీరకు పైన వానలు పడి, 1931లో కట్టిన నిజాంసాగర్ నిండితే బోధన్ వైపు కాలువలు పారుతాయి. వానలు ఆగి రాత్రి చలి ముదిరితే గడలో తీపి పడుతుంది, అప్పుడు నరకడం మొదలు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరున్న బోధన్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో మావాళ్ళు దగ్గర్లోనే నరికి, వారానికోసారి తండాకు వచ్చేవాళ్ళు. 2015 డిసెంబరులో అది మూతపడింది. ఇప్పుడు లారీ ఎక్కితే కర్ణాటక, మహారాష్ట్ర. ఒక కత్తికి మొగుడూ పెళ్ళాం ఇద్దరు. చంటిపిల్లను ఎత్తుకోవడానికి పెద్దపిల్ల.

మేస్త్రీ అడ్వాన్స్ పట్టుకొని తండాకు వచ్చేది దసరా ముందు. అప్పు మాత్రం చేను ఎండిన ఆగస్టులోనే ఖాయమవుతుంది. సార్లు, టీచర్లు నవంబరులో రిజిస్టరు చూసి పిల్లలు రావడం లేదని బాధపడతారు. పొద్దుపోయాక చూస్తున్నారు. తీజ్ నాడే ఒక్కసారి చేలవైపు నడిస్తే ఏ ఇంటి పిల్ల పోతుందో తెలుస్తుంది. వలసపోయేవాళ్ళ పిల్లలకు సీజనల్ హాస్టళ్ళున్నాయి, మంచివే. అవి లారీ కంటే ముందు తెరుచుకోవాలి.

2023లో మా పక్కింట్లో ఎనిమిదో తరగతి పిల్ల దీపావళి తెల్లారి లారీ ఎక్కింది. ఉగాదికి తిరిగొచ్చింది. చేతుల నిండా చెరకు ఆకు గీతలు. మా పిల్లవాడి సోషల్ పుస్తకం అడిగి తీసుకుంది, రుతుపవనాల పాఠం దగ్గర ఆగిపోయిందట. జూన్‌లో మళ్ళీ అదే తరగతిలో కూర్చుంది. ఆ ఏడు మృగశిరకు మొగులు బాగా పట్టింది. వాళ్ళ బాపు మక్కలు వేశాడు.