మద్రాసు వెళ్లాం... చీరల కోసం కాదు!

సూళ్లూరుపేట వాళ్లకి మద్రాసు పెద్ద ప్రయాణమేం కాదు. పొద్దున్నే టిఫిన్ బాక్సు పట్టుకుని లోకల్ రైలెక్కి, రాత్రికి ఇంటికొచ్చే ఉద్యోగస్తులు వీధికి ఒకరైనా ఉంటారు. ఎనభై కిలోమీటర్ల పైచిలుకు దూరం, అంతే. 1996లో ఆ ఊరి పేరు చెన్నై అయింది కానీ, మా నోట్లో ఇప్పటికీ మద్రాసే.

అయినా మా ఆడవాళ్లకి మాత్రం ఆ ఊళ్లో రెండే పనులు. ఒకటి పెళ్లి బట్టలు, రెండు ఆస్పత్రి. మొదటి పనికి నవ్వుకుంటూ వెళ్తాం. రెండో పనికి నోట మాట లేకుండా వెళ్తాం. సరదాగా, మనకోసం మనం అని ఒక్కసారైనా వెళ్లామా? లేదు. ఎక్కడెక్కడి నుంచో ఫ్లెమింగోలు ఎగురుకుంటూ మా పులికాట్ సరస్సుకి వస్తాయి. పక్కనున్న శ్రీహరికోట నుంచి రాకెట్లు ఆకాశంలోకి పోతుంటే మేడలెక్కి చూస్తాం. మేం మాత్రం ఎనభై కిలోమీటర్లు కదల్లేకపోయాం!

పన్నెండు నెలల చీటీ

మేం ఎనిమిది మందిమి. కాళంగి ఒడ్డున, రాత్రీ పగలూ తలుపులు మూయని మా చెంగాళమ్మ గుడి దగ్గర కలిసినవాళ్లం. ప్రతి శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని కీర్తనలు పాడుకుంటాం. మాలో చిన్నదానికి ముప్ఫై నాలుగు, పెద్దావిడకి అరవై ఎనిమిది. ఆ పెద్దావిడే మాకు పాట నేర్పేది. అందరికీ ఆమె పెద్దక్క.

గత ఏడాది జనవరిలో నెలకి తలా రెండు వందలు వేయడం మొదలుపెట్టాం. డిసెంబరుకి 19,200 రూపాయలు చేరాయి. ఏం చేద్దామంటే ఎనిమిది నోళ్లు, పది మాటలు. చిన్నది గోవా అంది. ఒకరు బెంగళూరు అన్నారు. ‘ఎందుకబ్బా ఇవన్నీ, హాయిగా తిరుమల పొయ్యొద్దాం’ అని ఇంకొకరు. బళ్లో టీచరుగా పనిచేసే మా వదిన అప్పుడు నెమ్మదిగా అంది... ‘ధనుర్మాసంలో మద్రాసంతా పాటే కదా. మనం పాడేది ఆ పాటే కదా. ఒకసారి పోయి వినొద్దాం.’

నిజమే. డిసెంబరు వచ్చిందంటే మద్రాసులో సభలన్నీ కచేరీలతో నిండిపోతాయి. 1927లో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు దాంతోపాటే ఒక సంగీత సదస్సూ పెట్టారు. అక్కడ పుట్టిన ఆలోచనతోనే మరుసటి ఏడాది మ్యూజిక్ అకాడమీ వెలిసింది. ఒక్కొక్కటిగా మిగతా సభలూ ఈ పండగలో కలిశాయి. 2017లో యునెస్కో సైతం చెన్నైని సృజనాత్మక నగరాల జాబితాలో సంగీత నగరంగా చేర్చింది. ఆ వేదికల మీద మనవాళ్ల ముద్ర తక్కువదేం కాదు. అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు 1978లో మంగళంపల్లి బాలమురళీకృష్ణకి, 1983లో కర్నూలు డాక్టరుగారు శ్రీపాద పినాకపాణికి, 1991లో నేదునూరి కృష్ణమూర్తికి, 1998లో నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానాకి వచ్చింది. అన్నిటికీ మించి అక్కడ ఏ కచేరీకి వెళ్లినా త్యాగరాజస్వామి తెలుగు వినిపించకుండా ఉండదు.

అందరం సరేనన్నాం. పెద్దక్క మాత్రం తాంబూలం పళ్లెం పక్కకి జరిపి, ‘మీరు పొయ్యి రండే. నేను తడ దాటి రాను’ అంది.

అడ్డుపడింది డబ్బు కాదు

తడ మా వైపు ఆంధ్రలో చివరి రైల్వే స్టేషను. పదకొండేళ్ల కిందట పెద్దక్క వాళ్లాయనకి జబ్బు చేస్తే మద్రాసు తీసుకెళ్లారు. మూడు నెలలు ఆమె ఆస్పత్రి వరండాలోనే ఉంది. ఆయన దక్కలేదు. అప్పట్నుంచీ ఆమె ఆ ఊరి పేరెత్తదు. మనవరాలి పెళ్లి చీరలకి కూడా నెల్లూరే పంపింది.

మేమెవరం ఆమెని బలవంతం చేయలేదు. చిన్నది మాత్రం రెండు వారాల తర్వాత పాట మధ్యలో ఆపి అడిగింది. ‘పెద్దక్కా, మీరు నేర్పింది మేం సరిగ్గా పాడుతున్నామో లేదో అక్కడ విన్నా మాకేం తెలుస్తుంది? మీరు పక్కనుంటే కదా...’ పెద్దక్క ఏమీ అనలేదు. ఆ రాత్రి వదినకి ఫోన్ చేసి, ‘వస్తా. కానీ టి.నగర్ పక్క పోగూడదు’ అని పెట్టేసింది. చీరల కొట్లు చూస్తే చీటీ డబ్బు ఆవిరైపోతుందని ఆమె భయం కాబోలు అనుకున్నాం. అదే మా ప్రయాణానికి మొదటి నిబంధన అయింది.

ఇక రెండో అడ్డు... రాత్రి. సాయంత్రం పెద్ద కచేరీ విని మళ్లీ సెంట్రల్‌కి పరిగెత్తి లోకల్ పట్టుకోవడం ఎనిమిది మందికి అయ్యే పని కాదు. ఒక రాత్రి అక్కడే ఉండాలి. పెళ్లికో, పురిటికో, ఆస్పత్రికో తప్ప మాలో ఎవరమూ ఇల్లు వదిలి రాత్రి బయట ఉండి ఎరగం. ‘మరి వంట?’ అన్నారు ఒకరింట్లో. ‘పాట వినడానికి అంత దూరమా? ఫోన్లో రాదా?’ అన్నారు ఇంకో ఇంట్లో. ఆ ఇంటి అత్తగారే మాకు వకాల్తా పుచ్చుకుంది. ‘పోనీరా. నాకెటూ కుదర్లేదు. దాన్నన్నా పోనీ’ అని కొడుకు నోరు మూయించింది. రెండు రోజులకి సరిపడా చింతపండు పులుసు, కందిపొడి చేసిపెట్టి బయల్దేరాం.

బోర్డుల మీద భాష మారింది

తెల్లవారుజామున స్టేషన్లో ఎనిమిది మందీ ఎనిమిది సంచులతో నిలబడ్డాం. రైలు తడ దాటింది. ఆరంబాకంలో బోర్డులు తమిళంలోకి మారాయి. పెద్దక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చిన్నది ఆమె చేతిలో వేరుశనక్కాయల పొట్లం పెట్టింది. గుమ్మిడిపూండి, పొన్నేరి, మింజూరు, ఎన్నూరు... జనం ఎక్కుతూనే ఉన్నారు.

తిరువొత్తియూరు వచ్చినప్పుడు వదిన అందరినీ తట్టి చూపించింది. త్యాగరాజస్వామి 1839 ప్రాంతంలో యాత్రకి బయల్దేరి మద్రాసు వచ్చినప్పుడు శిష్యుడు వీణ కుప్పయ్యర్ ఆయన్ని ఈ ఊరికి తీసుకొచ్చాడు. ఇక్కడి త్రిపురసుందరి అమ్మవారి మీద స్వామి అయిదు కీర్తనలు కట్టాడు. తిరువొత్తియూరు పంచరత్నాలంటే అవే. ఎన్నిసార్లు ఈ స్టేషను దాటి ఉంటామో! చీరల బేరాల మీదో, రిపోర్టుల కవర్ల మీదో ధ్యాస పెట్టుకుని వెళ్లినవాళ్లమే అందరమూ.

సెంట్రల్లో దిగి, రోడ్డు దాటి, పార్క్ టౌన్‌లో వేళచ్చేరి వైపు వెళ్లే రైలెక్కితే తిరుమయిలై స్టేషను. అక్కణ్నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే మైలాపూరు కపాలీశ్వరుడి గుడి. ఆ దగ్గర్లోనే రెండు గదులు తీసుకున్నాం. గదికి నలుగురం. మంచాలు పెద్దవాళ్లకి, చాపలు చిన్నవాళ్లకి.

అరటాకు, ఆది తాళం

మాకు తెలియని సంగతి ఒకటుంది. చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలకి టికెట్ ఉండదు. పైకొస్తున్న కుర్ర విద్వాంసులు పాడేది అప్పుడే. మేం వెళ్లినచోట ఇరవై ఏళ్ల అమ్మాయి పాడుతోంది. హాల్లో సగం కుర్చీలు ఖాళీ. ముందు వరసలో ఉన్న పెద్దాయన మాత్రం తొడ మీద తాళం వేస్తూ, ఆ అమ్మాయి కష్టమైన చోటు దాటగానే ‘భేష్’ అని తలూపాడు. ఆ ఒక్క మాటకి ఆ పిల్ల ముఖం చూడాల్సింది!

కచేరీకి ముందు క్యాంటీన్. సీజన్లో సభల ఆవరణల్లో పందిళ్లు వేసి వంటవాళ్లు అరటాకుల్లో వడ్డిస్తారు. సంగీతం కోసం వచ్చేవాళ్లెందరో, సాంబారు కోసం వచ్చేవాళ్లూ అందరే ఉన్నట్టున్నారు. అరటిపువ్వు వడ, పాయసం, చివర్లో డికాషన్ కాఫీ. మాలో ఒకావిడ రసం రెండోసారి అడిగి, ‘ఇది మన చారే, కాకపోతే మంచి బట్టలేసుకుంది’ అంది. పక్క వరుసలో వాళ్లు కూడా నవ్వారు. తెలుగు అర్థమయ్యేవాళ్లు ఆ ఊళ్లో ఎక్కడైనా ఉంటారు!

సాయంత్రం పెద్ద కచేరీకి టికెట్లు ముందే కొనుక్కున్నాం. హాలు నిండిపోయింది. గాయకుడు త్యాగరాజ కీర్తన ఎత్తుకోగానే వందల చేతులు ఒక్కసారిగా తాళంలో కదిలాయి. పెద్దక్క కళ్లు మూసుకుంది. చరణానికొచ్చేసరికి ఆమె పెదవులు కదులుతున్నాయి. మేం ప్రతి శుక్రవారం పాడే కీర్తనే అది. ఒక్కచోట మేం పాడే తీరు వేరు. చిన్నది నా చెవిలో, ‘అక్కా, మనం తప్పు పాడుతున్నామా?’ అంది. ‘తప్పు కాదు, అది ఇంకో పాఠం’ అని తర్వాత పెద్దక్కే చెప్పింది.

విరామంలో కాఫీ తాగుతుంటే, మా పక్క సీట్లో కూర్చున్న తమిళ మామి ఒకావిడ పెద్దక్క దగ్గరికొచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. ‘నలభై ఏళ్లుగా ఈ పాట పాడుతున్నా. మాటలన్నీ కంఠతా వచ్చు. అర్థమే పూర్తిగా తెలీదు. మీరు తెలుగువాళ్లు కదా, చెప్తారా?’ అని తమిళంలో అడిగింది. మేం ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. పెద్దక్క గ్లాసు పక్కన పెట్టి, చక్కటి తమిళంలో చెప్పడం మొదలుపెట్టింది. ఇది రాముణ్ని పొగిడే పాట కాదు, నిలదీసే పాట. ఇంతకాలం నమ్ముకున్నానే, నా మీద దయ రాదేమని అడుగుతున్నాడు... అంటూ ఒక్కో మాటా విడదీసి చెప్పింది. మామి కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘ఇన్నాళ్లూ దీన్ని సంతోషంగా పాడాను’ అంది. ఇద్దరూ నవ్వేశారు.

పెద్దక్కకి అంత తమిళం ఎక్కణ్నుంచి వచ్చిందో మాకు తెలుసు. మూడు నెలల వరండా నేర్పిన తమిళం అది. మందుల చీటీ ఎక్కడివ్వాలి, డాక్టరు ఎప్పుడొస్తారు, ఆయన ఏమన్నారు... ఈ మాటల కోసం నేర్చుకున్న భాష. పదకొండేళ్లుగా ఆమె దాన్ని బయటికి తీయలేదు.

మాడ వీధుల్లో తెల్లవారింది

మర్నాడు చీకటితో లేచి మాడ వీధుల్లోకి వెళ్లాం. వాకిళ్లలో పెద్దపెద్ద ముగ్గులు. పాపనాశం శివన్ మొదలుపెట్టిన ధనుర్మాస భజన సంప్రదాయం మైలాపూరులో ఇంకా బతికే ఉంది. పాడుకుంటూ వెళ్తున్న గుంపు వెనక మేమూ నడిచాం. మాటలు రాని చోట తాళాలు వేశాం.

అక్కణ్నుంచి రాయపేట హైరోడ్డులో అమరజీవి పొట్టి శ్రీరాములు స్మారకానికి వెళ్లాం. బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో 58 రోజుల నిరాహార దీక్ష చేసి, 1952 డిసెంబరు 15న ఆయన ప్రాణాలు వదిలింది అక్కడే. 2022లో మా సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో కలిసింది కానీ, అంతకుముందు ఆయన పేరు పెట్టుకున్న నెల్లూరు జిల్లాలోనే ఉండేవాళ్లం. ఏ ఊరు మాకు కావాలని మనవాళ్లు అంతగా కొట్లాడారో ఆ ఊరు మనకి రాలేదు. మన పాటని మాత్రం ఆ ఊరు వదల్లేదు. మనకన్నా భద్రంగా దాచిపెట్టుకుందేమో అనిపించింది.

మీరూ బయల్దేరాలనుకుంటే...

మేం తెలుసుకున్న నాలుగు ముక్కలు చెప్తాను. నగరమంతా తిరిగి అన్నీ వినేయాలనుకోకండి. ఒక్క పేట ఎంచుకోండి. మైలాపూరు, ఆళ్వార్‌పేట చుట్టుపక్కలే బోలెడన్ని సభలున్నాయి. రోజుకి రెండు కచేరీలు చాలు, మూడోది చెవికెక్కదు. డిసెంబరులో పత్రికల్లో ఏ సభలో ఎవరు పాడేదీ రోజూ వేస్తారు, అది చూసుకుని వెళ్లండి. గదులు నవంబరులోనే మాట్లాడుకోండి. హాల్లో ఏసీ గట్టిగా ఉంటుంది, పెద్దవాళ్లకి శాలువా తప్పనిసరి. తిరుగు లోకల్ వేళలు ఆ రోజే స్టేషన్లో అడిగి తెలుసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం... సంగీతం రాదని ఆగిపోకండి. మాలో ముగ్గురికి రాగాల పేర్లు ఇప్పటికీ తెలీవు. ఎక్కువసార్లు ‘భలే’ అన్నది వాళ్లే!

తిరుగు రైల్లో లెక్క చూస్తే చీటీ డబ్బులో 1,140 రూపాయలు మిగిలాయి. ‘చూశారా, టి.నగర్ వెళ్లకపోబట్టే’ అని వదిన నవ్వింది. పెద్దక్క కాసేపు మాట్లాడలేదు. ఎన్నూరు దాటాక నెమ్మదిగా చెప్పింది. ‘డబ్బుకి కాదే. ఆయన్ని ఉంచిన ఆస్పత్రి ఆ దారిలోనే. మళ్లీ ఆ గేటు చూళ్లేననుకున్నా.’

ఎవరమూ ఏమీ అనలేకపోయాం. బోగీలో చీకటి పడుతోంది. ఆరంబాకం వెళ్లిపోయింది. తడ బోర్డు తెలుగులో కనిపించగానే ఆమే అంది.

‘ఈ జనవరి నుంచి నెలకి మూడొందలు వేద్దాం. వచ్చే ఏడు టి.నగర్ సభలో కూడా విందాం. పన్లో పనిగా తలా ఒక చీర కూడా కొనుక్కుందాం.’