గాలం కర్రకు ఎపాక్సీ పూత: చేతులు జాగ్రత్త

భద్రాచలం వద్ద గోదావరి ఒడ్డున గాలం వేసేవారి చేతుల్లో ఇప్పుడు వెదురు కర్రలతో పాటు రీలు బిగించిన ఫైబర్ కర్రలు కూడా కనిపిస్తున్నాయి. వెదురు కర్రకు దారం కడితే సరిపోతుంది. ఫైబర్ కర్ర పొడవునా తీగ సాగడానికి రింగులుంటాయి. వాటి పాదాలను నైలాన్ దారంతో వరుసగా చుట్టి, ఆ చుట్టు మీద ఎపాక్సీ పూత వేస్తారు. ఊడిన రింగును ఇంట్లోనే కట్టుకునేవారూ, నావలె పదవీ విరమణ తరువాత కాలక్షేపానికి కర్రలు తయారుచేసుకునేవారూ ఈ పని చేస్తుంటారు. పని ఎంతో ముచ్చటైనది. అయితే ఆ పదార్థం చర్మాన్ని ఏమి చేయగలదో ముందుగా తెలుసుకోవడం అవసరం.

ఎపాక్సీ మనకు కొత్తది కాదు. మన ఇళ్లలో వాడే అరాల్డైట్ జంట గొట్టాలూ, ఎం-సీల్ ముద్దా ఈ కుటుంబానికి చెందినవే. స్విట్జర్లాండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త పియర్ కాస్తాన్ 1930లలో కట్టుడు పళ్లకు తగిన పదార్థాన్ని వెదుకుతూ దీనిని రూపొందించాడు. 1946లో అది అరాల్డైట్ అనే పేరుతో జిగురుగా బజారులోకి వచ్చింది. ఇందులో రెండు భాగాలుంటాయి: రెజిన్, దానిని గట్టిపరిచే హార్డెనర్. రెండూ కలిసి పూర్తిగా గట్టిపడిన తరువాత చర్మానికి దాదాపు ఏ హానీ చేయవు. ప్రమాదమంతా అవి పచ్చిగా ఉన్నప్పుడే.

పచ్చి ఎపాక్సీ చర్మానికి తగిలితే వెంటనే మంట పుట్టకపోవచ్చు. నెలలు, ఒక్కొక్కసారి సంవత్సరాలు వాడినా ఏమీ కాదు. ఈలోగా మన రోగనిరోధక వ్యవస్థ దానిని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ తరువాత ఒక్క చుక్క తగిలినా ఒకటి రెండు రోజులకు వేళ్ల మధ్య దురద, ఎరుపు, నీటి పొక్కులు మొదలవుతాయి. ముట్టుకున్న చేయి ముఖానికి తగిలినా, ఆవిరి సోకినా కనురెప్పలు వాస్తాయి. ఈ అలర్జీ ఒకసారి ఏర్పడితే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. "నాకింతవరకు ఏమీ కాలేదు" అనే ధైర్యానికి ఇక్కడ విలువ లేదు.

ఇక పద్ధతికి వద్దాం. నైట్రైల్ చేతొడుగులు వేసుకోండి. రబ్బరు పాలతో చేసే సాధారణ లేటెక్స్ చేతొడుగులు ఎపాక్సీని ఆపలేవు. నైట్రైల్‌వి కూడా ఎపాక్సీ అంటగానే మార్చుకోవాలి. కర్ర పూతకు వాడే ఎపాక్సీలో రెండు భాగాలనూ ఎక్కువగా సమపాళ్లలో కలుపుతారు. సీసా మీద రాసిన కొలతనే పాటించండి. కొలవడానికి రెండు వేరు వేరు సిరంజిలు వాడండి. రబ్బరు బిరడా ఉన్న సిరంజిలకు సిలికాన్ నూనె రాసి ఉంటుంది. అది కలిస్తే పూతలో గుంటలు పడతాయి. నిదానంగా కలిపి, ఒక పళ్లెంలో పలుచగా పరచండి. లోతు గిన్నెలో ఉంచితే అది తనంత తానే వేడెక్కి త్వరగా బిగుస్తుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆ వేగం సుమారు రెట్టింపవుతుంది. కనుక మన ఖమ్మం, కొత్తగూడెం ఎండల్లో తెల్లవారుజామున ఈ పని పెట్టుకోవడం ఉత్తమం. వానాకాలపు తేమలో పూత మీద మైనం వంటి జిడ్డు పొర ఏర్పడవచ్చు. రెండో పూతకు ముందు దానిని నీటితో కడిగి ఆరబెట్టండి.

సన్నని కుంచెతో పలుచగా పూసి, కారిపోకుండా కర్రను నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. బుడగలు పోవడానికి స్పిరిటు దీపపు సెగను క్షణకాలం చూపుతారు. అప్పుడు ఆవిరి లేస్తుంది. ముఖం దూరంగా ఉంచండి, కిటికీలు తెరవండి. ఒక మందపు పూతకంటె రెండు పలుచని పూతలు మేలు. పూర్తిగా గట్టిపడక ముందు గరుకు కాగితంతో రుద్దకండి; ఆ పొడిలో పచ్చి రసాయనం మిగిలి ఉంటుంది. చర్మానికి అంటితే వెంటనే సబ్బు, నీళ్లతో కడగండి. థిన్నరు, అసిటోన్‌తో తుడిస్తే చర్మపు రక్షణ పొర పోయి రసాయనం మరింత లోపలికి వెళుతుంది.

మరొక మాట. ఈ పొక్కులను తామర అనుకుని మందుల దుకాణంలో స్టెరాయిడు కలిసిన మలాములు కొని రాసుకునేవారు చాలామంది ఉన్నారు. మలాముతో దురద కొన్నాళ్లు అణగుతుంది, పని సాగుతుంది, చర్మం పాడవుతుంది. గాలం కర్ర ఒక సరదా, మానుకోగలం. ఎపాక్సీతో బల్లలు చేసే వడ్రంగికి, టైల్స్ సందులు నింపే మేస్త్రీకి చేతులే జీవనాధారం. అలర్జీ వస్తే వృత్తినే వదులుకోవలసి రావచ్చు. చర్మవైద్యుని కలిసినప్పుడు మీరు ఏ పదార్థాలతో పనిచేస్తారో అడగకపోయినా చెప్పండి. ప్యాచ్ పరీక్షతో కారణం తేలుతుంది. మీ ఇంట్లో ఎవరైనా ఈ పని చేస్తుంటే, ఈరోజే వారికి ఒక నైట్రైల్ చేతొడుగుల పెట్టె కొనిపెట్టండి.